మొన్నంటే ఎప్పుడు

ఆమె అసలు పేరు ఉద్యోగపు కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఇంట్లో "ఇదిగో", ఆఫీసులో "టీకాలమ్మ", వీధుల్లో పిల్లల నోట "రెండు మొనలమ్మ". ఆ చివరి పేరు సూది వల్ల వచ్చింది. మశూచి టీకా వేసే సూదికి చివర చిన్న పంగలకర్రలా రెండు మొనలుంటాయి. మందులో ముంచి తీస్తే ఆ రెండిటి మధ్య ఒక్క చుక్క నిలుస్తుంది. దాంతో భుజం మీద, చొక్కా గుండీలో సగమంత చోట, పదిహేను పోట్లు. పదిహేనుకు ఒకటి తగ్గిందేమోనని అనుమానం వచ్చిందా, ఆ పూట ఆమెకు అన్నం సయించదు. కబుర్లు చెబుతూనే లెక్కపెట్టేది. ఏడవాలని పిల్లాడు నోరు తెరిచేసరికి పదిహేనూ అయిపోయేవి. తెరిచిన నోటిని ఏం చేయాలో తెలియక వాడు ఆవులించేవాడు.

తర్వాతి రోజుల్లో ఆ పేరు అరిగి "మొన్నమ్మ" అయింది. నోట్లో నాని పేర్లు అరగడం మామూలే. కానీ ఇది ఊరికే అరగలేదు. దాని వెనక ఇస్త్రీ చేసే ఒకావిడ ఉంది, ఆవిడ తమ్ముడున్నాడు, అతను కుట్టడానికి ఒప్పుకున్న అరవై పరుపులున్నాయి.

ఆమె భర్త గడియారాలు బాగుచేసేవాడు. వీధి మలుపులో ఆయన దుకాణం ఎంతంటే, ఆయన కూర్చుంటే వచ్చినవాళ్ళు బయట నిలబడాలి. కంటికి భూతద్దం బిగించుకుని, తెచ్చిన గడియారం మూత తీసి, లోపల ఎవరో దూరపు బంధువు కనపడ్డట్టు కాసేపు పలకరింపుగా చూసి, "రేపు రండి" అనేవాడు. ఏ గడియారానికైనా అదే మాట. మర్నాడు వెళ్ళినా అదే మాట. ఎవరో "రేపుగారు" అని పేరు పెడితే అది బోర్డు మీద పేరు కంటే గట్టిగా నిలిచిపోయింది. ఆయన దానికి నొచ్చుకోలేదు. గడియారం పుట్టింది మనిషిని తొందరపెట్టడానికి, దాన్ని బాగుచేసేవాడూ తొందరపడితే ఇక లోకంలో నిదానంగా ఉండేదెవరు అని ఆయన వాదన.

ఆ సంవత్సరానికి ఆమెకు నలభై నాలుగేళ్ళు, ఉద్యోగంలో పందొమ్మిదో ఏడు. ఊళ్ళో మశూచి కనపడి మూడేళ్ళు దాటింది. ఇక రాదనే అనుకుంటున్నారు. బడి సెలవుల చివరి వారంలో, గురువారం పొద్దున్న, ఇస్త్రీకిచ్చిన చొక్కా తెచ్చుకోవడానికి వెళ్ళిన గుమాస్తా ఒకడు ఇస్త్రీ ఆవిడ మొహం చూసి, చొక్కా సంగతి మరిచిపోయి, హెల్త్ ఆఫీసుకు పరుగెత్తుకొచ్చాడు.

టీకాలమ్మ వెళ్ళి చూసింది. ఇస్త్రీ దుకాణం అంటే ఇంటి ముందుగదే. కిటికీ కింద పొడవాటి బల్ల, దాని మీద కాలి కాలి గోధుమరంగుకు తిరిగిన దుప్పటి, మూలన బొగ్గుల బస్తా, దండెం మీద సగం వీధి బట్టలు. వెనకగదిలో ఆవిడ పడుకుని ఉంది. ఆదివారం జ్వరం మొదలైందట, బుధవారం పొక్కులు. ఆటలమ్మ అయితే పొట్ట మీదా వీపు మీదా ఎక్కువగా ఉంటుంది, ఒకటి ఎండుతుంటే ఇంకోటి పుడుతుంది. ఇవి నుదుటి మీద, ముంజేతుల మీద, అరచేతుల్లో. బడి గంట కొట్టగానే ఒక్కసారిగా బయటపడ్డ పిల్లల్లా అన్నీ ఒకే ఈడువి. టీకాలమ్మకు రెండోసారి చూడాల్సిన పని లేకపోయింది. అయినా చూసింది, తన అంచనా తప్పయితే బాగుండునని.

పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తున్నది ఆవిడ అత్తగారు. ఆ ముసలమ్మ మొహం నిండా పాత మచ్చలు. దూరంగా ఉండమని టీకాలమ్మ అనబోయేలోపే ఆమె తల ఊపింది. "నన్ను ఏడో ఏటే చూసిపోయిందిలే అమ్మా. ఒకసారి చూసిన మొహాన్ని అది మళ్ళీ చూడదు. కోడలికి చాకిరీ నేనే చేస్తా, చచ్చినట్టు" అంది. కోడలు జ్వరంలోనే నవ్వింది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ మాటలు అలాగే ఉంటాయని, అందులో ప్రేమ ఎంతో తూకం వేయడం కష్టమని టీకాలమ్మకు ఆ తర్వాత అర్థమైంది.

చేయాల్సిన పని ఆమెకు కంఠతా వచ్చు. మంటంటుకున్న గడ్డివాముకు చుట్టూ గడ్డి లాగేసినట్టు, రోగి చుట్టూ టీకాలు. ముందు ఇల్లు, తర్వాత ఇరుగుపొరుగు, తర్వాత వీధి. ఆ ఇంటికి ఎవరెవరు వచ్చివెళ్ళారో జాబితా రాయబోతే, ఇస్త్రీ ఆవిడకు మనుషుల పేర్లు తెలియవు, బట్టలు తెలుసు. కాలరు తిప్పి కుట్టించుకునేవాళ్ళు, గంజి చాలలేదని వెనక్కి పంపే టీచరమ్మ, నీలంచారల చొక్కా ఇంటివాళ్ళు. టీకాలమ్మ అలాగే రాసుకుని వీధిలో పడింది. నీలంచారల చొక్కా వేసుకున్న మనిషి ఎదురైతే ఆపి చెయ్యి చాపమంది. ఇస్త్రీకొచ్చిన బట్టల గురించి జనం భయపడితే, ఆ ఇస్త్రీపెట్టె కింద పడ్డది ఏదీ బతికి బయటకు రాదని ధైర్యం చెప్పింది. సాయంత్రానికి నూటపదిమంది భుజాల మీద పదిహేనేసి పోట్లు పడ్డాయి.

అదంతా రోగం ముందుకు పోకుండా కట్టడం. అసలు చిక్కు వెనక్కి వెళ్ళడంలో ఉంది. మశూచి గాలిలోంచి ఊడిపడదు. ఒక మనిషిలోకి దిగాక పన్నెండు పద్నాలుగు రోజులు చప్పుడు చేయకుండా కూర్చుని అప్పుడు బయటపడుతుంది. అంటే రెండు వారాల కిందట ఈవిడకు ఎవరో ఇచ్చారు. ఆ ఎవరో ఇంకెవరికి ఇచ్చారు?

హెల్త్ ఇన్‌స్పెక్టరు కుర్రవాడు, కొత్తగా వచ్చాడు, గొంతు పెంచే అలవాటు లేదు. "సోమవారం బడి తెరుస్తారమ్మా. ఆదివారం సాయంత్రానికి హాస్టలుకు అరవైమంది ఆడపిల్లలు వస్తారు. ఊళ్ళ నుంచి బయల్దేరేవాళ్ళకు ఇప్పుడు కబురు అందదు. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోపు తేల్చకపోతే, ఆ పిల్లల్ని ఎందులోకి రమ్మంటున్నామో మనకే తెలియదు" అన్నాడు. ఆ మాట ఆమె మెడలో గంటలా పడింది. మూడురోజులూ ఏ పని చేస్తున్నా అది వినపడుతూనే ఉంది.

జాబితాలో బంధువుల రాకపోకలకు ఒక గడి ఉంది. అది నింపడానికి గురువారం పొద్దునే అడిగింది. ఇస్త్రీ ఆవిడ కళ్ళు మూసుకునే, "మొన్న మా తమ్ముడొచ్చి వెళ్ళాడక్కా, అంతే" అంది. తమ్ముడు పరుపులు, దిండ్లు విప్పి దూది ఏకి మళ్ళీ కుట్టే పనివాడు, ఊరూరా తిరుగుతాడు. టీకాలమ్మ వేలి మీద లెక్కపెట్టింది. మొన్న అంటే మంగళవారం. ఆవిడకు జ్వరం వచ్చింది ఆదివారం. మంగళవారం వచ్చినవాడు ఆదివారం రోగాన్ని ఎలా ఇస్తాడు? 'తమ్ముడు, మంగళవారం' అని రాసి, పక్కన 'ఇతను కాదు' అని రాసింది. అతనికీ టీకా వేయాలి, వేద్దాంలే, ముందు మూలం దొరకనీ అనుకుంది.

మూలం లాడ్జిలో దొరుకుతుందనిపించింది. ఇస్త్రీ ఆవిడకు లాడ్జి దుప్పట్లు వస్తాయి. పదిచోట్ల మనుషులు పడుకున్న దుప్పట్లు. అలా దుప్పట్లతో మశూచి రావడం ఆమె ఒకసారి చూసింది కూడా. గురువారం సాయంత్రం, శుక్రవారం పగలంతా ఇరవై రెండు గదుల రిజిస్టరు ముందేసుకుని కూర్చుంది. లాడ్జి మేనేజరు, తన దగ్గర దిగినవాళ్ళలో రోగిష్టివాళ్ళు లేరని, ఉన్నా అలాంటివాళ్ళు నిజం పేరు రాయరని, రెండూ ఒకే గుక్కలో చెప్పాడు. రిజిస్టరులో ఉన్నవాళ్ళకు ఊరూరా టెలిగ్రాములు ఇచ్చింది. ఒక్కరికీ జ్వరం లేదు.

శుక్రవారం సాయంత్రం కాళ్ళు పీకుతుంటే భర్త దుకాణం దగ్గర ఆగింది. ఆయన లేచి తన స్టూలు బయటపెట్టి ఆమెను కూర్చోబెట్టాడు. అప్పుడే ఒకతను చేతిగడియారం తెచ్చి, మొన్న ఆగిపోయిందండీ అన్నాడు. రేపుగారు భూతద్దం సర్దుకుంటూ, ఆగిందని తెలిసినప్పుడు ఏం చేస్తున్నారని అడిగాడు. కిరసనాయిలు వరసలో నిలబడి టైము చూసుకున్నానన్నాడతను. "కిరసనాయిలు ఇచ్చి మూడు వారాలైంది. అన్నాళ్ళు కదలకపోతే నూనె గడ్డకడుతుంది, కడగాలి. రేపు రండి" అన్నాడాయన.

ఆ మనిషి వెళ్ళాక ఆమె నవ్వింది. అతను మొన్న అన్నాడు కదా, మీరెలా పట్టుకున్నారు అంది.

"జనానికి తారీఖులు గుర్తుండవు. చేతిలో ఉన్న పని గుర్తుంటుంది. రోజును ఒట్టిగా అడిగితే జారిపోతుంది, మేకుకు తగిలించి అడగాలి."

మాట బాగుందనుకుంది. అలసటలో అది అక్కడితో ఆగిపోయింది.

శనివారం పొద్దున్న రోగిని చూడటానికి వెళ్ళింది. పొక్కులు నిండుతున్నాయి గానీ మనిషి తట్టుకునేలా ఉంది. గుమ్మం దగ్గర అత్తగారు బొగ్గులపొడి ఊడుస్తూ, ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలిందా అని అడిగింది. తేలలేదని, మొన్న తమ్ముడు వచ్చాడంటే అతనిదేమో అనుకున్నానని, మంగళవారం కాబట్టి కాదని టీకాలమ్మ చెప్పింది.

ముసలమ్మ చీపురు పక్కనపెట్టింది. "మంగళవారం వాడెక్కడొచ్చాడు? మా కోడలికి నిన్న కానిదంతా మొన్నే. కాపురానికొచ్చి పదిహేనేళ్ళయింది, అదీ మొన్నేనంటుంది."

"మరి నాకు చెప్పలేదేం, పెద్దమ్మా?"

"నన్నెవరడిగారు? నువ్వు రాసుకుంటున్నావు, చదువుకున్నదానివి కదా అని ఊరుకున్నా."

టీకాలమ్మ లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. ఈసారి ఎప్పుడని అడగలేదు. తమ్ముడు గుమ్మంలోకి వచ్చేసరికి బల్ల మీద ఏ బట్టలున్నాయి అని అడిగింది.

ఇస్త్రీ ఆవిడ వాచిన రెప్పల కింద నుంచే చూసి, ఒక్క క్షణం తడుముకోలేదు. తెల్ల గౌన్లు, ఇరవై నాలుగు. బడిలో బహుమతులిచ్చే రోజు పాట పాడే పిల్లలవి. నడుం దగ్గర మడతలు నిలవక రెండోసారి నీళ్ళు చల్లుతుంటే తమ్ముడొచ్చి, అక్కా ఒళ్ళు కాలిపోతోంది, కాసేపు పడుకుంటా అన్నాడు. ఎండలో నడిచొచ్చాడు కదా, ఎండదెబ్బ అనుకుంది. మూడు రోజులున్నాడు. వెళ్ళేముందు నుదుటి మీద నాలుగైదు పొక్కులు లేచాయి. చెమటకాయలన్నాడు.

బహుమతుల రోజు బడి ఆఖరి రోజు. గురువారానికి సరిగ్గా మూడు వారాల కిందట. అతను దిగింది ఆ గురువారం పొద్దున్నే, వెళ్ళింది ఆదివారం, ఆ పైన రెండు వారాలకు అక్కకు జ్వరం. తాళంలో తాళంచెవి తిరిగినట్టు అంతా సరిపోయింది.

"ఇక్కణ్ణుంచి ఎక్కడికెళ్ళాడు?"

"ఎక్కడికేంటక్కా, హాస్టలుకు. సెలవుల్లో పరుపులన్నీ ఏకి ఇస్తానని ఒప్పుకున్నాడుగా. అరవై పరుపులు. ఇంకా అక్కడే ఉండి ఉంటాడు."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన సామెత ఆమె చిన్నప్పటి నుంచి విన్నదే. అది తన మీదే కట్టారని మాత్రం ఆ పొద్దున తెలిసింది. హాస్టలు ఆ ఇంటికి అరమైలు లేదు. లాడ్జి రిజిస్టరు పట్టుకుని ఆమె రెండుసార్లు దాని గోడ పక్కనుంచే నడిచింది.

ఆఫీసుకు వెళ్ళి ఇన్‌స్పెక్టరు ముందు పుస్తకం తెరిచి, 'ఇతను కాదు' అన్న మాట మీద అడ్డంగా గీత గీసింది. "తప్పు నాది సార్. ఆవిడ మొన్న అంది, నేను మొన్న అని రాసుకున్నాను" అంది. ఇన్‌స్పెక్టరు ఆ గీతను చూశాడు, ఆమెను చూశాడు. మా అమ్మ కూడా నేను మొన్ననే పుట్టానంటుంది అని, జీపు తాళాలు తీసుకున్నాడు.

హాస్టలు హాల్లోకి అడుగుపెడితే మంచు పడ్డట్టుంది. కిటికీలోంచి పడే ఎండలో దూది పింజలు తేలుతున్నాయి. గోడ వారగా యాభై ఎనిమిది పరుపులు దొంతర పెట్టి ఉన్నాయి, మధ్యలో తమ్ముడు కూర్చుని యాభై తొమ్మిదోది కుడుతున్నాడు. మంచి పనిమంతుడు, కుట్టు మీద కుట్టు చీమలబారులా వచ్చింది. జుట్టులో, కనుబొమల్లో దూది. నుదుటి మీద మాత్రం లేత గులాబీరంగు గుంటలు అయిదు. చిన్నప్పుడెప్పుడో వేసిన టీకా అతనికి జబ్బును తేలిక చేసింది, అతన్ని చూసినవాళ్ళను ఏమార్చింది. అరికాళ్ళు చూపించమంటే సిగ్గుపడ్డాడు. చర్మం కింద నల్లటి పెసరగింజల్లా ఇంకా మూడు పెచ్చులున్నాయి. నడిచి నడిచి కాయలు కాశాయనుకున్నాడట. మిగిలిన పెచ్చులు ఎక్కడ రాలాయని ఆమె అడగలేదు. దొంతర వైపు చూసింది.

ఇక్కడ నీతోపాటు ఎవరున్నారని అడిగితే, వార్డెనమ్మ, వంటాయన అన్నాడు. వంటాయన పడుకున్నాడు, ఒంట్లో బాగాలేదు.

వంటింటి పక్కగదిలో వంటాయన తల మీదాకా దుప్పటి కప్పుకుని ఉన్నాడు. టీకాలమ్మ గుమ్మంలోనే ఆగింది. పొక్కులు లేచి ఉంటే ఈ గోడలు, ఈ గిన్నెలు, ఈ గాలి, అన్నీ దాటి రేపు అరవైమంది పిల్లలు. దుప్పటి తీసి నుదురు చూసింది. శుభ్రంగా ఉంది. చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఒళ్ళు మాత్రం పెనంలా ఉంది.

"జ్వరం ఎప్పటి నుంచి?"

"మొన్నటి నుంచమ్మా."

ఆమె కళ్ళు మూసుకుంది. "మొన్నంటే ఎప్పుడు?"

వంటాయన దుప్పట్లోంచి ఆమెను జాలిగా చూశాడు, ఈవిడకు కూడా జ్వరమేమో అన్నట్టు. "మొన్నంటే మొన్నేనమ్మా. నిన్నకు ముందురోజు."

ఆమె నమ్మలేదు. జ్వరం వచ్చేసరికి ఏం చేస్తున్నావంది. హాల్లో బల్బులు మార్చడానికి వచ్చినతనికి నిచ్చెన పట్టుకుని ఉంటే చలి పుట్టిందన్నాడు. వార్డెనమ్మ వెనకనుంచి, అవును, బల్బులు మార్చింది గురువారమే అంది. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆమె విన్న మొట్టమొదటి నిజమైన మొన్న అది. రెండు రోజుల జ్వరం అంటే పొక్కులు ఇంకా లేవలేదు, లేవకముందు ఈ రోగం ఇంకొకరికి అంటడం అరుదు. పొక్కులకూ పిల్లలకూ ఒక్కరోజు ముందు ఆమె వచ్చింది. కుర్చీ కనపడితే కూర్చుంది.

తర్వాతవన్నీ చకచకా జరిగాయి. వంటాయన్ను, తమ్ముణ్ణి జీపులో ఊరి చివర వార్డుకు తీసుకెళ్ళారు. వార్డెనమ్మకు, బల్బులతనికి టీకాలు. హాలంతా మందు కొట్టి తలుపులు తీశారు. పరుపులు పెరట్లో పోగేసి తగలబెట్టారు. జీపు ఎక్కబోతూ తమ్ముడు ఆ మంట వైపు చూసి, నా పనిని ఇంత వేడిగా మెచ్చుకున్నవాళ్ళు ఇంతకుముందు లేరన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ సెలవుల పనంతా పొగైపోవడం అతని కళ్ళలో కనపడింది. వచ్చే సెలవుల్లో మళ్ళీ అతనే కుట్టాలని ఆమె వార్డెనమ్మ దగ్గర అక్కడికక్కడే మాట తీసుకుంది. అంతకుముందు అతను పనిచేసిన ఊరికి ఇన్‌స్పెక్టరు టెలిగ్రాం ఇచ్చాడు, అక్కడ మశూచి సోకినా ఎవరికీ చెప్పకుండా దాచిన ఇల్లొకటి బయటపడింది.

ఆదివారం సాయంత్రం ఆమె హాస్టలు గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంది. పెట్టెలు మోసుకుంటూ వచ్చిన అరవైమందికీ లోపల అడుగుపెట్టకముందే పదిహేనేసి పోట్లు. చాపల మీద పడుకోవాలని చెబితే పిల్లలు గొణిగారు, చాపలన్నీ కలిపేస్తే ఎవరి పక్కనైనా పడుకోవచ్చని తెలిసి మానేశారు. మూడు వారాలపాటు రోజూ పొద్దున్న వరస నిలబెట్టి నుదురు తాకి చూసేది. ఒకమ్మాయి మొన్న తల నొప్పెట్టింది అనేది, వెంటనే "మొన్నంటే ఎప్పుడు?" అని ఆమె అడిగేది. నాలుగో రోజుకు, ఆమె గేటు తీయగానే అరవై గొంతులు ఒక్కసారిగా "మొన్నంటే ఎప్పుడు?" అని అరిచాయి. రెండు మొనలమ్మ ఆ వారంలోనే మొన్నమ్మ అయింది.

ఆరు వారాలు ఆమె లెక్కపెట్టింది. వంటాయనకు పొక్కులొచ్చి, ఎండి, రాలాయి. ఊళ్ళో నాలుగో మనిషి లేడు. ఆరో వారం చివర ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసి, టీ తెప్పించాడు. ఇస్త్రీ ఆవిడ కిటికీ తెరిచి పెట్టెలో బొగ్గులు రాజేసింది. మొహం మీద మచ్చలు చూసుకుని రెండురోజులు అద్దం తిరగేసింది. అత్తగారు, ఇప్పటికి మనిద్దరం ఒక ఇంటివాళ్ళలా ఉన్నాం అంటే, ఆ మాటకు కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియక అద్దం మళ్ళీ తగిలించింది.

వీధిలోవాళ్ళకు మాత్రం ఒక మాట దొరికింది. ఆయన రేపు, ఆవిడ మొన్న, ఇక ఆ ఇంట్లో ఇవాళ వంట ఎవరు చేస్తారో అనేవారు. నిజానికి ఇద్దరూ కలిసి చేసేవారు. ఆయన ఉల్లిపాయలు తరిగితే చక్రాల పళ్ళలా ఒక్కటి తేడా లేకుండా వచ్చేవి, పూర్తయ్యేసరికి ఆకలి చచ్చేది.

ఇంకొన్నేళ్ళకు మశూచి లోకంలోనే లేకుండా పోయిందని ఆఫీసుకు కాగితం వచ్చింది. రెండు మొనల సూదులు వెనక్కి పంపమన్నారు. ఆమె అన్నీ లెక్కగా పంపి, ఉద్యోగం ఉన్నన్నాళ్ళు వేరే టీకాలు వేసింది. రిటైరయ్యాక పగలంతా భర్త దుకాణం ముందు స్టూలు మీద కూర్చునేది. గడియారాలు తెచ్చినవాళ్ళను, ఆగినప్పుడు ఏం చేస్తున్నారని ఆమే అడిగేది.

ఒకరోజు ఇస్త్రీ ఆవిడ గోడగడియారం చంకన పెట్టుకుని వచ్చింది. జుట్టు నెరిసింది, అత్తగారు పోయారు, దుకాణం కోడలి చేతికొచ్చింది. కోడలు ఎంత చెప్పినా కాలరు మడత సరిగా పెట్టదని కాసేపు చెప్పుకుని, గడియారం బల్ల మీద పెట్టింది.

"మొన్న నాకు ఒళ్ళు బాగాలేనప్పుడు నువ్వు రాసుకున్నావు చూడక్కా, బట్టల జాబితా. నీలంచారల చొక్కా అని. అది తల్చుకుని ఇప్పటికీ నవ్వుకుంటా" అంది.

మొన్నమ్మ నోటిదాకా ఒక ప్రశ్న వచ్చింది. లోపలినుంచి ఆయన భూతద్దం పైకెత్తి, అడుగుతుందా లేదా అని ఆమె వైపు చూశాడు. ఆమె అడగలేదు. పక్కకు జరిగి, స్టూలు మీద సగం చోటిచ్చి, కూర్చోమంది.

"రేపు రండమ్మా" అన్నాడాయన గడియారం మూత తీస్తూ.